కామాలమ్మ చదివిన రెండు ఫారాలు

ప్రెస్సులో ఆమెను అందరూ కామాలమ్మ అంటారు. ఎంత పెద్ద రచయిత రాతలోనైనా కామా ఒక్కటి జారితే పట్టేస్తుందని ఆ పేరు. ముప్పై ఏళ్లుగా ప్రూఫులు దిద్దీ దిద్దీ మెడ పట్టేసింది, కళ్లద్దాలు మూడుసార్లు మందమయ్యాయి. కథలు చదవడం ఎప్పుడో మానేసింది. ఇప్పుడు చదివేవి అక్షరాలే.

ఆ సోమవారం ఆమె బల్లమీదికి ఒక కొత్త నవల వచ్చింది. మొదటి రెండు ఫారాలు, అంటే ముప్పై రెండు పేజీలు. మొగుడి చేతిలో దెబ్బలు తినే ఒకావిడ కథ. మొదటి పేజీలోనే ఆవిడ వంటింట్లో పళ్లెం పట్టుకుని, గేటు చప్పుడు కోసం చెవులు రిక్కించి నిలబడి ఉంటుంది. గేటు మెల్లగా తెరుచుకుంటే ఆ పూటకి గండం గడిచినట్టు. పదో పేజీలో మొదటి దెబ్బ. పద్నాలుగులో పుట్టింటికి ప్రయాణం. ఇరవైలో మళ్లీ వెనక్కి. ఇరవై ఎనిమిదో పేజీకి కామాలమ్మకు విసుగు తన్నుకొచ్చింది.

"ఏంటమ్మా, పొద్దుట్నుంచీ తెగ నిట్టూరుస్తున్నారు?" అన్నాడు పక్క బల్ల దగ్గర టైపు చేసే ఆపరేటరు.

"ఈవిడకి బుద్ధి లేదయ్యా. వాడు కొట్టడం, ఈవిడ వెళ్లిపోవడం, మళ్లీ సంచి సర్దుకుని రావడం. చదివేవాళ్లకి ఓపికుండొద్దూ?"

"తప్పులేమైనా ఉన్నాయా?"

"రెండు ఒత్తులు పోయాయి. మిగతాదంతా శుభ్రంగానే ఏడ్చింది."

మిగిలిన నాలుగు పేజీలూ ఇంట్లో చూద్దామని సంచిలో పెట్టుకుంది. ఇంట్లో ఉండేది అక్క ఒక్కతే. అక్క మొగుణ్ణి వదిలేసి వచ్చి పంతొమ్మిదేళ్లయింది. అప్పట్నుంచీ ఒకే గదిలో రెండు మంచాలు వేసుకుని బతుకుతున్నా, ఆయన ఊసు మాత్రం ఇద్దరూ ఎత్తరు.

ఆరిన బట్టలు మడతపెడుతూ అక్క కథేమిటని అడిగింది. కామాలమ్మ చెప్పి, "గేటు చప్పుడు విని వాడి కోపం కొలుస్తుందట. మరీ అతిగా లేదూ?" అంది.

"అతేం కాదే. నాకు చెప్పుల చప్పుడు. ఈడ్చుకుంటూ వస్తే బతికిపోయినట్టే. టకటకా వచ్చాడా, అయిపోయానే."

అక్క మరో చీర అందుకుంది. "ఇంతకీ ఆవిడ వెనక్కెందుకు వెళ్లిందో రాశారా?"

"లేదు. వెళ్లిందంతే."

"నేనెందుకు వెళ్లానో గుర్తుందా నీకు?"

కామాలమ్మకు గుర్తుంది. అక్క రెండోసారి తన దగ్గరికి వచ్చినప్పుడు పెదవి వాచి ఉంది. అప్పట్లో తనది ఇంకొకరితో పంచుకునే గది. తొమ్మిదికల్లా ప్రెస్సులో ఉండాలి. పొద్దున్నే బస్టాండుకు తీసుకెళ్లి, "బావ మంచివాడే అక్కా, కాస్త కోపం ఎక్కువ. సర్దుకుపో" అని చెప్పింది. బస్సు కదిలేదాకా కూడా ఆగలేదు.

"నేనే బస్సెక్కించాను" అంది.

"నువ్వొక్కదానివేనా, అమ్మా అంతే. నువ్వు నయం, కిటికీ పక్క సీటైనా చూశావు."

"నా మీద కోపం లేదా?"

"ఉండేది. ఇన్నేళ్లు మొయ్యాలంటే ఓపికేదీ? ఈ నడుం నొప్పే మొయ్యలేక చస్తున్నాను."

మర్నాడు కామాలమ్మ ఆ రెండు ఫారాలూ మొదటి పేజీ నుంచి మళ్లీ చదివింది. ఆవిణ్ణి ఈసారి తిట్టుకోలేదు. పుట్టింటివాళ్లు మాట్లాడే పేజీల దగ్గరే చాలాసేపు ఆగిపోయింది. విసుగులో మొదటిసారీ, కథలో పడి ఈసారీ ఆ పేజీల్లో మూడు తప్పులు వదిలేసిందని ఆపరేటరు పట్టుకుని, "కామాలమ్మగారు కూడానా!" అని నవ్వాడు. ఆమె నవ్వలేదు.

మూడో ఫారం వచ్చిన సాయంత్రం అక్క తానే అడిగి పైకి చదవడం మొదలుపెట్టింది. చెల్లెలు రాతప్రతితో సరిచూస్తూ కూర్చుంది. మొగుడు ఏడుస్తూ క్షమించమనే చోట అక్క గొంతు తగ్గింది. కాసేపటికి కాగితాలు ఒళ్లో పెట్టుకుంది.

"ఇవాళ్టికి చాలే. ఈవిడ రేపూ అక్కడే ఉంటుంది, ఎక్కడికీ పోదు."

సరేనంది కామాలమ్మ. ఆపిన చోట పెన్సిలుతో చిన్న గీత గీసి, భోజనానికి లేవబోతున్న అక్కకు చెయ్యి అందించింది.