కోడి బొమ్మ పొట్లం

అప్పుడు మేము కాగజ్‌నగర్‌లో ఉండేవాళ్లం. స్టేషన్ దగ్గర మా ఆయన నడిపే టాంగా మీదే ఇల్లు గడిచేది. ఆ ఎండాకాలం మా గుర్రం బాగా చిక్కిపోయింది. ఉలవలు, తవుడు చాలవు, దాణాలో బలానికి పొడి కలపమన్నారు తెలిసినవాళ్లు.

ఇద్దరం దాణా దుకాణానికి వెళ్లాం. దుకాణదారు ఇచ్చిన పొట్లం మీద కోడి బొమ్మ ఉంది. నాకు అనుమానం వచ్చింది.

"గిది గుర్రానికేనా?"

"బలం ఎవలకైనా బలమే అక్కా. బొమ్మ సూసి తినెతందుకు నీ గుర్రం బడికి పోయిందా?" అన్నాడు. అక్కడున్నవాళ్లంతా నవ్వారు. మా ఆయన కూడా నవ్వి, పొట్లం తీసుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

నేను ఊరుకోలేదు. అలాంటి పొట్లమే ఇంకొకటి పట్టుకుని పశువుల దవాఖానకు వెళ్లాను. డాక్టరు దాని మీద రాసింది చదివి, "దీంట్ల కోళ్ల రోగానికిచ్చే మందు కలిసున్నది. గుర్రం తింటే సచ్చిపోతది. పెట్టిండ్రా ఏంది?" అన్నాడు.

ఇంటికి పరుగెత్తాను. గుర్రం అప్పుడే బకెట్‌లోకి మూతి వంచుతోంది. బకెట్‌ను కాలితో తన్నాను. దాణా అంతా వాకిట్లో పడింది.

"పిచ్చి లేసిందా నీకు?" అన్నాడు మా ఆయన. డాక్టరు మాట చెప్పాక చీపురు తెచ్చి ఒలికిన దాణా అంతా ఊడ్చేశాడు.

గుర్రం దక్కింది. దుకాణదారు పరాయివాడు, నవ్వితే నవ్వాడు. పెళ్లైన నాటి నుంచి నన్నెరిగిన మనిషి వాడితో కలిసి నవ్వడం మాత్రం నేను ఈరోజుకీ మరువలేదు.