నొప్పి తగ్గిన తర్వాతి గంట

రిటైరవడానికి మూడేళ్ల ముందు బందరులోని ఒక ఆసుపత్రిలో నన్ను జనరల్ వార్డు నుంచి గుండె జబ్బుల వార్డుకి మార్చారు. హోదా నర్సింగ్ ఆర్డర్లీ. సిస్టర్లకి కింద, స్వీపర్లకి పైన. నాకు చదువు నలభై దాటాక వచ్చింది, పని అంతకుముందే వచ్చింది.

గాడి తప్పిన గుండెకి కరెంటు షాకిచ్చే మెషిన్ నా బాధ్యత. డ్యూటీ ఎక్కగానే ఛార్జింగ్, షాకిచ్చే పిడులకి పూసే జెల్లీ చూసి రిజిస్టర్లో సంతకం పెట్టాలి. చూడకుండా పెట్టేవాళ్లూ ఉన్నారు. నేను చూసి పెట్టేవాణ్ణి.

గుండెపోటుకి రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తారు. నొప్పి తగ్గగానే గండం గడిచిందనుకుంటారు. అసలు కాపలా అప్పుడే మొదలు. రక్తం అందక డస్సిన గుండెకి అది ఒక్కసారిగా వచ్చిపడితే కొట్టుకోవడం గాడి తప్పొచ్చు. వేసవంతా ఎండిన కాలవకి నీళ్లు వదిలిన రోజే గట్టు మీద మనిషి ఉండాలి అని మా వార్డు డాక్టరుగారు చెప్పారు. అందుకే ఇంజెక్షన్ ఇచ్చిన ప్రతి మంచం పక్కనా మెషిన్ పెట్టేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం పెడన నుంచి కలంకారీ అద్దకం పనిచేసే మస్తాన్‌ని తెచ్చారు. ఇంజెక్షన్ పడిన గంటలోపే నొప్పి పోయింది. నవ్వుతూ లేవబోయాడు.

"రాగి బానలో బట్ట ఉడుకుతోందండీ. నేను లేకపోతే రంగు పాడైపోద్ది."

వెంట వచ్చిన బావమరిది అందుకున్నాడు. "నొప్పి లేదంటున్నాడుగా! ఆ డబ్బా పక్కకి లాగు బాబాయ్, బాత్‌రూమ్‌కి తీసుకెళ్లొస్తా."

"డబ్బా కదలదు, మీ బావా కదలడు. బెడ్ పాన్ ఇక్కడికే తెస్తాను."

"అబ్బో, పెద్ద డాక్టరు!"

"డాక్టర్ని కాదు కాబట్టే చెప్పింది చేస్తాను."

పది నిమిషాలు కాలేదు, మాట మధ్యలో మస్తాన్ కళ్లు తేలేశాడు. మానిటర్ మీద గీత పిచ్చిగా వణికింది. డాక్టరుగారు కింద క్యాజువాలిటీలో ఉన్నారు. సిస్టర్ పరిగెత్తుకొచ్చేసరికి మెషిన్ ఆన్ చేసి, పిడులకి జెల్లీ పూసి అందించాను. అందర్నీ మంచం వదలమని అరిచి ఆమె షాక్ ఇచ్చింది. గీత దారికొచ్చింది.

కాసేపటికి మస్తాన్ కళ్లు తెరిచాడు. "ఎవరండీ నా గుండెల మీద తన్నింది?"

"లేస్తే మళ్లీ తంతాం" అన్నాను.

బావమరిది మంచం కాళ్ల దగ్గర కాపలా కూర్చున్నాడు.

డాక్టరుగారు వచ్చి, మెషిన్ అంత తొందరగా ఎలా తెచ్చారని అడిగారు. తేలేదు, ఇక్కడే ఉంది అన్నాను. ఆయన నా భుజం తట్టారు. నా ఉద్యోగంలో అంతకు మించిన మెచ్చుకోలు లేదు, నాకు అక్కర్లేదు కూడా.

ఆ తర్వాత నా దగ్గర పని నేర్చుకున్న ప్రతి ఆర్డర్లీకీ ఒకటే చెప్పాను: రోగి నవ్వాడని టీకి వెళ్లొద్దు.