దసరానాడు పోసిన ఆయిల్

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను కరీంనగర్‌కు బదిలీ చేశారు. ఉద్యోగంలో అదే నా చివరి పోస్టింగ్. హోదా ఏరియా టెక్నికల్ ఇంజనీర్. కార్లు తయారుచేసే కంపెనీకీ, వాటిని అమ్మి సర్వీసు చేసే డీలర్లకూ మధ్య నిలబడే మనిషి అన్నమాట. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లోని మా వర్క్‌షాపులన్నీ నా పరిధిలోకి వచ్చేవి. రోజువారీ రిపేర్లు మా పని కాదు. వర్క్‌షాపువాళ్లకు అంతుపట్టనివి, ఖర్చు కంపెనీ భరించాలా వద్దా అని తేల్చాల్సినవి మాత్రమే మా దాకా వస్తాయి. మేం విప్పించి చూసి, కారణం రాసి, సంతకం పెడితే ఆ కేసు అక్కడితో ముగుస్తుంది. చాలామందికి ఇది గుమాస్తా పనిలా కనిపిస్తుంది గానీ, మేం రాసే ఆ ఒక్క వాక్యం మీద ఒక్కోసారి ఒక మనిషి బతుకుదెరువు ఆధారపడి ఉంటుంది.

ఆ చలికాలంలో ఒక కారును కొండగట్టు నుంచి లారీ మీద ఎక్కించుకొచ్చారు. మూడు సిలిండర్ల టర్బో పెట్రోల్ ఇంజన్. యజమాని హుస్నాబాద్ దగ్గరి లింగారెడ్డి. రెండు ట్రాక్టర్లు, ఒక వరికోత మిషన్ ఉన్న పెద్ద రైతు. ఊళ్లో అందరూ పటేల్ అంటారు. ఆయనకు కొండగట్టు అంజన్న ఇంటి దేవుడు. తీరిక దొరికిన మంగళవారమల్లా కుటుంబాన్ని తీసుకుని వెళ్తాడు. ఆ రోజు కూడా కారు నిండా మనుషులతో గుట్ట ఎక్కుతుండగా ఇంజన్‌లోంచి టక్కుమని ఇనుము చప్పుడు వచ్చిందట. ఆ వెంటనే వణుకు, వెనక నీలం పొగ. ఏడాది క్రితం అదే గుట్ట మీద ఇదే కారు ఇలాగే ఆగిపోతే, నాకు ముందున్న ఇంజనీరు తయారీ లోపం కిందకు రాసి కొత్త ఇంజన్ ఇప్పించాడు. ఇప్పుడు పోయింది ఆ కొత్తది.

నేను వర్క్‌షాపుకు చేరేసరికి పటేల్ గేటు దగ్గరే ఉన్నాడు. ఆయన డ్రైవర్ ఓదెలు కొంచెం ఎడంగా, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మందమర్రి బొగ్గుగని కార్మికుడి కొడుకు. కుర్రతనంలో గనుల దగ్గర కిరాయి జీపులు నడిపి, తర్వాత పటేల్ దగ్గర కుదిరి తల నెరిసేదాకా అక్కడే ఉన్నాడు. అయినా పటేల్ ఆ రోజు సర్వీసుకు వచ్చిన డ్రైవర్లందరూ వినేలా అరిచాడు.

"రెండు ఇంజన్లు మింగిండు సార్ వీడు. మేం దిగినంక బండిని ఎట్ల ఉరికిస్తుండో ఎవనికి ఎర్క? తాళంచెవి అక్కడ పెట్టి పోరా!"

ఓదెలు తాళంచెవి బానెట్ మీద పెట్టి, చెప్పులు తొడుక్కుని బస్టాండు దారి పట్టాడు. డ్రైవర్ల లోకం చాలా చిన్నది. ఒకడు ఇంజన్లు పగలగొట్టాడన్న మాట సిద్దిపేట నుంచి ఆసిఫాబాద్ దాకా పాకడానికి ఎక్కువ కాలం పట్టదు. ఆ వయసులో ఆ పేరు మోస్తే మళ్లీ ఎవరూ స్టీరింగ్ చేతికివ్వరు.

వర్క్‌షాపు మేనేజరు నాకు పని తేలిక చేయబోయాడు. ర్యాష్ డ్రైవింగ్ అని రాసేస్తే కంపెనీ ఇంజన్ ఇవ్వనక్కర్లేదు, పటేల్ కూడా ఒప్పుకున్నట్టే గదా అన్నాడు. నాకు ఆ రెండు మాటలంటే ఒళ్లు మంట. కారణం తెలియనప్పుడల్లా మా శాఖలో రాసే మాట అది. ముందు ఇంజన్ పైమూత, అంటే హెడ్, విప్పమన్నాను.

రెండో సిలిండర్ పిస్టన్ పగిలింది. పిస్టన్ చుట్టూ రింగులు కూర్చునే గాడులుంటాయి. పై రెండు గాడుల మధ్య ఉండే సన్నని కట్ట ముక్కలై పోయింది. మిగతా ఇంజన్‌ను నేనే చేత్తో తడిమి చూశాను. వాల్వులు వంగలేదు. బేరింగులు కాలలేదు. నీళ్లు తగ్గి వేడెక్కిన గుర్తులు లేవు. క్లచ్ ప్లేటు దాదాపు కొత్తదానిలా ఉంది. ఇంజన్‌ను ఉరికించేవాడు క్లచ్‌ను మిగల్చడు. ఈ బండిని నడిపినవాడు ర్యాష్ డ్రైవర్ అయ్యే అవకాశమే లేదు.

అయితే ఆ కట్ట ఎందుకు పగిలింది? ఈ రకం ఇంజన్లలో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకి చిమ్ముతుంది. టర్బో గాలిని ఒత్తి కుక్కుతుంది. చిన్న ఇంజన్‌తో పెద్ద బలం రాబట్టే పద్ధతి ఇది. బరువు మీద, తక్కువ వేగంలో, పెద్ద గేర్‌లో ఇంజన్ మూలుగుతూ లాగుతున్నప్పుడు లోపల ఒత్తిడి విపరీతంగా ఉంటుంది. అప్పుడు సిలిండర్ గోడనంటిన ఇంజన్ ఆయిల్, పెట్రోల్ కలిసి ఒక చుక్కగా ఊడి, ప్లగ్గులో స్పార్కు రాకముందే అంటుకోవచ్చు. పైకి వస్తున్న పిస్టన్ నెత్తిన ఆ మంట సమ్మెట దెబ్బలా పడుతుంది. దీన్నే ప్రీ-ఇగ్నిషన్ అంటారు. ఒక్క గట్టి దెబ్బ చాలు. ఆ చుక్క అంటుకుంటుందా లేదా అన్నది చాలావరకు ఆయిల్‌లో కలిపే మందుల మీద ఆధారపడి ఉంటుంది. మసి కడిగేందుకు కాల్షియం మందు దండిగా కలిపే ఆయిల్ డీజిల్ ఇంజన్లకు మేలు చేస్తుంది. ఇక్కడ అదే ఆయిల్ నిప్పు రాజేస్తుంది. అందుకే ఈ కార్లకు కాల్షియం తగ్గించి మెగ్నీషియం కలిపిన వేరే ఆయిల్ వస్తుంది. డబ్బా మీద ఎస్.పి. అన్న గుర్తు చూసి కొనాలి. చిక్కదనం ఒక్కటే చూసి ఆయిల్ కొనేవాళ్లకు ఈ తేడా కనబడదు.

మొదటి ఇంజన్ పోయినప్పుడు ఆయిల్‌ను ఎవరూ పట్టించుకోకుండా పాత ఆయిల్ డ్రమ్ములో ఒంపేశారు. ఈసారి నేను సీసాలో పట్టి హైదరాబాద్ ల్యాబుకు పంపాను. జవాబు అనుమానించినట్టే వచ్చింది. అది మా కారుకు పోసే ఆయిల్ కాదు. ట్రాక్టర్లకూ లారీలకూ వాడే డీజిల్ ఇంజన్ ఆయిల్.

దీనితో ఓదెలు బయటపడతాడనుకున్నాను. తీరా జరిగింది వేరు. మేనేజరు వెంటనే అన్నాడు, "ఇంకేముంది సార్? మంచి ఆయిల్ అమ్ముకుని ఏదో ఒకటి పోసిండు." అలాంటి డ్రైవర్లు లేకపోలేదు. ఇప్పటిదాకా దూకుడు మనిషి అన్నారు, నా పరీక్షతో దొంగ కూడా అయ్యాడు. ఈ మాట పటేల్ చెవిన పడేలోపు ఓదెలును కలవాలనిపించింది.

మందమర్రిలో తమ్ముడి క్వార్టర్‌లో ఉన్నాడు. వరుసగా ఒకే తీరున ఉండే గని కంపెనీ ఇళ్లు. మొదటి షిఫ్టు విడిచిన వేళ, సందు నిండా టోపీలు చేతబట్టుకుని ఇళ్లకు వస్తున్న మనుషులు. కుర్చీ తుడిచి వేసి, "జర చాయ్ తాగుండ్రి సార్," అన్నాడు. గుట్ట ఎలా ఎక్కిస్తావని అడిగితే ముఖంలోకి వెలుగు వచ్చింది.

"పెద్ద గేర్లనే ఎక్కిస్త సార్. ఇంజన్‌ను అరవనియ్య. ఎనుక సీట్ల పటేలోల్ల పెద్దవ్వ పండుకున్నా లేవది. జీపు నడిపినకాడికెంచి నాకు గదే అలవాటు."

డీజిల్ జీపుకు అది మంచి అలవాటే. మా కారుకు సరిగ్గా అదే విషం. అతని గర్వం చూస్తూ ఆ మాట చెప్పడం నాకు కష్టమైంది, కాని చెప్పాను. అంత మెల్లగా నడపడం వల్లే దెబ్బ పడటానికి దారి దొరికిందని, అయినా సరైన ఆయిల్ ఉంటే బహుశా తట్టుకునేదని వివరించాను. అప్పుడు ఆయిల్ ఎవరు పోశారని అడిగాను.

"నేను అమ్ముకోలే సార్. గింతే చెప్త."

మరి ఎవరు పోశారని మళ్లీ అడిగాను. నీ మీద దొంగతనం పడుతోందని కూడా చెప్పాను. గ్లాసు కింద పెట్టాడు.

"గా ఇంటి ఉప్పు తిన్న సార్. గా ముచ్చట నా నోట రాదు. మీరేం రాసినా రాసుకోండ్రి."

ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను చూసిన మౌనాల్లో చాలావరకు తప్పు దాచడానికే. ఇది ఏ రకమో అక్కడ కూర్చుని తేల్చుకోలేకపోయాను.

మర్నాడు హుస్నాబాద్ వెళ్లాను. పటేల్ మర్యాదగానే కూర్చోబెట్టాడు. పెరట్లో షెడ్డు కింద ట్రాక్టర్ల పక్కన ఒక పాత ఆయిల్ ఇంజన్ ఉంది. కరెంటు మోటార్లు రాకముందు బావి నీళ్లు తోడిన రకం. పనిచేయదు గానీ శుభ్రంగా రంగువేసి, బొట్టుపెట్టి ఉంది. నేను దాన్ని చూస్తుంటే ఆయనే చెప్పుకొచ్చాడు.

"మా బాపు మొదలు కొన్న మిషన్ సార్ గది. గీ భూమంత దాని నీళ్లే. దసరానాడు కొత్త డ్రమ్ము సీలు ఇప్పి, మొదలు దీనికి పోసేటోడు. బాపు పోయినంక నేను పోస్తున్న. ఒక్క డ్రమ్ముల కెల్లే దీనికి, ట్రాక్టర్లకు, కోతమిషన్‌కు, కారుకు. ఇంట్ల ఉన్నయన్ని ఒక్క చేతి ఆయిల్ తాగాలె. నంబర్ వన్ ఆయిల్, పైస తక్కువది తేను."

డ్రమ్ము అక్కడే ఉంది. మీదున్న అక్షరాలు చదివాను. ల్యాబు చెప్పిందదే. రెండు ఇంజన్లూ దసరా తర్వాత వచ్చిన చలికాలంలోనే ఎందుకు పోయాయో అప్పుడు అర్థమైంది. నేను తెచ్చిన పిస్టన్ ఆయన చేతికిచ్చి, డీజిల్ ఆయిల్‌కూ దీనికీ ఉన్న తేడా చెప్పాను. ట్రాక్టర్‌కు అది మంచి ఆయిలే అన్నాను. కారణంగా అదే రాయాల్సి వస్తుందని, ఇంజన్ కంపెనీ ఇవ్వదని కూడా చెప్పాను. కోపం వస్తుందనుకున్నాను. ఆయన విరిగిన అంచును బొటనవేలితో తడుముతూ వేరే సంగతి అడిగాడు.

"గీ డ్రమ్ము ముచ్చట మీకు ఓదెలు చెప్పిండా?"

అడిగితే చెప్పలేదన్నాను. దొంగతనం మీద పడుతుందన్నా చెప్పలేదన్నాను.

పటేల్ పిస్టన్‌ను అరుగు మీద పెట్టాడు. "నాకు చెప్పిండు సార్. మొదటి దసరాకే చెప్పిండు. పటేలా, గీ బండికి సర్వీసోళ్లు వేరే ఆయిల్ అన్నరు అన్నడు. మా బాపు పెట్టిన రివాజును నువ్వు తప్పు పడ్తవారా అని అందరి ముంగట నోరు మూయించిన. గది యాదికి లేక కాదు. యాదికి పెట్టుకోలే."

ఆ పెద్దమనిషి మీద అప్పటిదాకా నాకున్న చిరాకు పోయింది. తండ్రి చేతిని మెషీన్లలో వెతుక్కునే మనిషిని ఏమని తప్పుపట్టగలను? కాని దానికి మరో మనిషి పేరు బలైంది. ఆ మాట మొహమాటం లేకుండా చెప్పాను. తాళంచెవి ఎక్కడ లాక్కున్నారో అక్కడే తిరిగివ్వాలన్నాను. ఆయన తల ఊపాడు.

పటేల్ తన ఖర్చుతో ఇంజన్ వేయించుకున్నాడు. కారు తీసుకునే రోజున ఓదెలును మందమర్రి నుంచి స్వయంగా వెంటబెట్టుకొచ్చాడు. వర్క్‌షాపు గేటు దగ్గర ఆ రోజు కూడా డ్రైవర్లు ఉన్నారు. పటేల్ గొంతు తగ్గించలేదు. "రెండు ఇంజన్లు నేను పోసిన ఆయిల్‌తోని పోయినయి. వీనిది తప్పు లేదు. వద్దని చెప్తె నేనే ఇనలే," అని తాళంచెవి చాపాడు.

ఓదెలు వెంటనే అందుకోలేదు. పటేల్‌కు ఒక మాట చెప్పి నా వైపు తిరిగాడు.

"నాది గూడ ఉన్నది పటేలా. పెద్ద గేర్ల ఎక్కియ్యొద్దన్నరు సారు. మరి గుట్టకు ఏ గేరు సార్?"

మూడు అన్నాను. ఇంజన్ అరిస్తే అరవనియ్యి అన్నాను. అప్పుడు తాళంచెవి తీసుకున్నాడు.

రిపోర్టులో రెండు కారణాలూ రాశాను: డీజిల్ ఆయిల్, పెద్ద గేర్‌లో తక్కువ వేగంతో బరువు లాగించడం. ఎవరి పేరూ రాయలేదు. కారణం రాసే కాలమ్‌లో పేర్లు అడగరు. మరుసటి దసరాకు పటేల్ డ్రమ్ము పక్కనే ఎస్.పి. ఆయిల్ డబ్బా ఒకటి పెట్టి రెండింటికీ బొట్టుపెట్టాడని, కారుకు ఓదెలు చేత పోయించాడని తర్వాత తెలిసింది.

రిటైరయ్యేదాకా పగిలిన ఇంజన్లు ఇంకా కొన్ని చూశాను. ఈ కేసు తర్వాత నా పద్ధతిలో ఒక మార్పు వచ్చింది. అంతకుముందు బండి ఎలా నడిపావని డ్రైవర్‌ను అడిగేవాణ్ణి. తర్వాత ఆయిల్ ఎవరు పోశారని యజమానినీ, వద్దని ఎవరైనా చెప్పారా అని ఇంట్లో అందరినీ అడిగేవాణ్ణి. చాలా ఇళ్లలో ఎవరో ఒకరు చెప్పే ఉండేవారు.