ఒళ్లో మూట

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ వైపు పోయే బస్సులో కూర్చున్నాను. పక్కనున్న పెద్దమనిషి గోనెగుడ్డ చుట్టిన పొడుగాటి మూటను ఒళ్లో అడ్డంగా పెట్టుకున్నాడు. బస్సు కుదిపినప్పుడల్లా దాని కొస నా పక్కటెముకలకు తగులుతోంది.

"సార్, గా మూట సీటు కింద పెట్టుండ్రి, జర జాగైతది" అని విసుక్కున్నాను.

"కింద పెట్టలేను తమ్మీ. గిది మనిషి కాలు."

నేను పక్కకు జరిగాను. ఆయన తాను సర్జన్‌నని చెప్పాడు. బొగ్గుబాయి కార్మికుడొకడికి బీడీల వల్ల కాలికి నెత్తురు పోయే నాళాలు మూసుకుపోయాయట.

"దినాం పాదం మీద వేళ్లు పెట్టి చూసిన, నాడి దొరకలే. మోకాలి కింద తీసేసిన. తీసే ముందు, కాలును ఏడ పాతిపెట్టాలె అని అడిగిన. మా అవ్వను బొందపెట్టిన జాగల పెట్టుండ్రి అన్నడు. కొంటబొయ్యేటందుకు ఆయనకు ఎవలు లేరు."

"అందరిదీ మీరే కొంటబోతరా సార్?"

"ఎవలు లేనోళ్లది కొంటబోత. మా బాపు కాలు గిట్లనే తీసిండ్రు. ఏడ పారేసిండ్రో ఎవ్వలు చెప్పలే. సచ్చేదాక గదే అడిగిండు."

ఒక చిన్న ఊరి దగ్గర బస్సు ఆగింది. "జర పట్టుకో" అని మూటను నా చేతుల్లో పెట్టి ఆయన కమ్మీ పట్టుకుని మెట్లు దిగాడు. కిందినుంచి రెండు చేతులూ చాచాడు. అందిస్తుంటే గోనెలోంచి మడమ నా అరచేతిలో ఆనింది.

ఆ తర్వాత బస్సులో ఎవరి మూటనూ కింద పెట్టమనలేదు.