నరసింహప్ప కొట్టిన కట్టె

చింతామణి నుంచి శిడ్లఘట్ట పోయే దారిలో, ఊరు దాటాక ఎడమ పక్కన ఒక రేకుల షెడ్డు కనిపిస్తుంది. దానికి బోర్డు లేదు. ఎందుకు పెట్టలేదని ఒకసారి అడిగితే, "బోర్డు చూసి వచ్చేటోడు నాకెందుకప్పా?" అన్నాడు నరసింహప్ప. అంత పొగరు ఆయనకు. నాకు కోపం వచ్చింది గానీ, ఆ మాటలో అబద్ధం లేదు కాబట్టి ఊరుకున్నాను.

అది సామిల్లు. ఒక మోటారు, ఒక గుండ్రటి రంపం, నరసింహప్ప, ఆయన భార్య మునిలక్ష్మమ్మ, పనికి రామకృష్ణప్ప. తలుపులూ కిటికీలూ అక్కడ కోయరు. టమోటా చెట్లకు ఊతగా నాటే కట్టెలు మాత్రమే చేస్తారు. నీలగిరి దుంగను నిలువునా కోసి, ఆరడుగుల కట్టెలు చేసి, ఒక కొన చెక్కి, పాతిక చొప్పున కట్టలు కడతారు. ఆ కట్టల్ని పదకొండేళ్ళుగా తోటలకు చేరవేస్తున్న మినీ లారీ నాది. నా పేరు మోహన్‌కుమార్. నోరు మంచిది కాదని మా వాళ్ళంతా అంటారు, అదీ నిజమే.

నీలగిరితో ఒక చిక్కుంది. నరికిన చెట్టును ఒక ఏడాది వానకు వదిలేస్తే పైకి బాగానే ఉంటుంది, లోపల పుచ్చుతుంది. కోసి చూసినా ఒక్కోసారి కంటికి ఆనదు. నాటిన రెండు నెలలకు, సరిగ్గా కాయలు బరువెక్కే వేళకు, నేల మట్టానికి పుటుక్కుమంటుంది. అందుకని నరసింహప్ప ప్రతి కట్టెనూ కొట్టి చూసేవాడు. ఎడమ చేతి రెండు వేళ్ళతో కొసన పట్టుకుని వేలాడదీసి, నడుమ మీద చింతపుల్లతో ఒక్క దెబ్బ వేస్తాడు. ఖంగుమంటే మంచిది, దబ్బుమంటే పక్కకు. పక్కన పడినవి శిడ్లఘట్టలో పట్టునూలు తీసేవాళ్ళ పొయ్యిల్లోకి పోతాయి. రోజుకు వెయ్యి కట్టెలైనా సరే, ఒక్కటి కూడా కొట్టకుండా కట్టలోకి పోనిచ్చేవాడు కాదు. 'నరసింహప్ప కొట్టిన కట్టె' అంటే బాగేపల్లి దాకా రైతు మారుమాట్లాడడు. మొన్న మే నెల దాకా అంతే.

ఆ నెలలో ఒక పొద్దున సాదలికి పోయాను, అంబిక తోటకు ఖాళీ క్రేట్లు దించడానికి. ఈ అంబిక ఒంటి చేత్తో సేద్యం చేసే మనిషి. పట్టుపురుగులతో విసిగిపోయి, ఉన్న మల్బరీ అంతా పీకించి, మొదటిసారి ఎకరా టమోటా పెట్టింది. రెండు వేల కట్టెలు నరసింహప్ప దగ్గరే తీసుకుంది. ఇంక రెండు రోజుల్లో మొదటి కోత. సాళ్ళ నిండా కాయ, కొమ్మలు మొయ్యలేక వంగి ఉన్నాయి.

మూడో సాలులో రెండు కట్టెలు పక్కకు వాలి ఉన్నాయి. పట్టుకుంటే ఒకటి చేతిలోకి వచ్చేసింది, మొదలు దగ్గర విరిగి. గాలి లేదు, వాన లేదు.

"కుక్కలు తగిలింటాయి లేన్నా," అంది అంబిక. "నర్సింహప్ప కట్టె ఊరికే విరుగుతాదా యాడైనా?"

ఆమె అనుమానపడి ఉంటే నాకు అంత బాధ అయ్యేది కాదు. ఆ విరిగిన ముక్కను బండిలో వేసుకుని నేరుగా మిల్లుకు వచ్చాను.

నరసింహప్ప దాన్ని వేళ్ళతో వేలాడదీసి, పుల్లతో కొట్టాడు. "బాగానే ఉండాది కదప్పా," అన్నాడు. "ఆయమ్మ నీళ్ళు జాస్తి పెట్టింటాది."

రామకృష్ణప్ప టీకి పోయాడు, కోత ఆగి మోటారు ఉత్తగా తిరుగుతోంది. నేను విన్నాను. దబ్బుమంది. కట్టెల గురించి ఏమీ తెలియని నాకే తెలిసింది. ఒళ్ళు మండింది.

"ఏమన్నా, నీకేమన్నా చెవుడా?"

ఎవరినైనా విసుగులో అనే మాటే అది, అంతకు మించి నా మనసులో ఏమీ లేదు. కానీ కట్టలు కడుతున్న మునిలక్ష్మమ్మ చేతులు ఆగిపోయాయి. ఆమె లేచి పోయి మోటారు ఆపింది. మిల్లులో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ ఎరగను.

ఆమె మొగుడి ఎదురుగా నిలబడి, ఒక్కో మాటా నిదానంగా అంది. "దబ్బుమన్నాది. మోహన చెప్పేది నిజమే."

"నువ్వు ఊరుకో."

"ఊరుకునే కదా రెండేండ్లు అయినాది. నువ్వు మంచిదని ఏసిన దాంట్లో చెడ్డవి ఉంటే, కట్ట కట్టేటప్పుడు నేను తట్టి చూసి తీసేస్తాండా. నీకు తెలీకుండా పొయ్యిల లోడులోకి ఏస్తాండా. మన కూతురు నేత్ర కాన్పుకని హొసకోటకు పోయి పది దినాలు ఉంటిని కదా, ఈ అంబిక లోడు అప్పుడే పోయినాది."

పదకొండేళ్ళుగా దినమూ చూసే మనిషి, నాకు తెలియలేదంటే సిగ్గుగా ఉంది. కానీ ఎట్లా తెలుస్తుంది? రంపం తిరిగే చోట ఎవరూ ఎవరితోనూ నోటితో మాట్లాడరు. రెండు వేళ్ళు చూపిస్తే ఇంకో దుంగ, అరచెయ్యి అడ్డం పెడితే ఆపు, గడ్డం పట్టుకుంటే టీ. అందరమూ చెవిటివాళ్ళలాగే బతికే చోట నిజంగా చెవుడు వచ్చినవాడు, పెదాలు చూసి మాట పట్టుకుంటూ, సులువుగా కలిసిపోయాడు.

నరసింహప్ప ముఖం నల్లబడింది. "నాకెందుకు చెప్పలే?" అని అరిచాడు.

"నువ్వు నాకు చెప్పినావా?"

ఆయన తన ఎడమ చేతిని చూసుకున్నాడు. "చెవి పోయినా చేతికి తెలుస్తాండాదనుకొంటి. కట్టె అదురు వేళ్ళకొస్తాది కదా," అన్నాడు. ముప్పై ఏళ్ళు రంపం అదురుకు మొద్దుబారిన వేళ్ళు అవి. వేడి టీ గ్లాసు పట్టుకున్నా ఆయనకు కాలదు. ఆ వేళ్ళను నమ్మి, రెండు వేల కట్టెలు ఒక ఆడమనిషి తోటకు పంపించాడు.

నేను ఫోను తీసి చూశాను. మధ్యాహ్నం తర్వాత గాలివాన అని ఉంది. పడమటి పక్క అప్పుడే మబ్బు కమ్ముతోంది. ఆ కాయ బరువుతో, ఆ కట్టెలతో, గాలి లేస్తే తోట మొత్తం నేల మీద ఉంటుంది. ముగ్గురికీ తెలుసు. చెప్పకుండా ఊరుకుంటే నేరం గాలి మీదికి పోతుంది, అదీ ముగ్గురికీ తెలుసు.

"లోడు చెయ్యి," అన్నాడు నరసింహప్ప.

మిల్లులో సిద్ధంగా ఉన్నవి నాలుగు వందల చిల్లర కట్టెలు. మునిలక్ష్మమ్మ ఒక్కొక్కటీ తట్టి ఇస్తుంటే నేనూ, అప్పుడే టీ తాగి వచ్చిన రామకృష్ణప్పా బండికెక్కించాం. బండి కదిలే ముందు నరసింహప్ప నా చెయ్యి పట్టుకున్నాడు.

"కట్టెలో పుచ్చుండాదని నేనే చెప్తా. నా చెవి సంగతి మాత్రం యాడా అనద్దు మోహనా. అది బయట పడిందంటే నా కట్టె ఎవడు కొంటాడు? నేను బతికేదెట్ల?"

సరేనన్నాను. మనసు ఒప్పుకోకపోయినా అన్నాను.

పది గంటలకు తోటలో ఉన్నాం. పుచ్చు సంగతి వినగానే అంబిక ముఖంలో నెత్తురు లేదు. సాళ్ళ వైపు చూసింది, మబ్బు వైపు చూసింది, చివరికి నరసింహప్ప వైపు తిరిగింది.

"నువ్వు కొట్టి చూసే కదప్పా ఇచ్చేది?"

ఆయన చూపు తిప్పుకున్నాడు. "దుంగ మోసం చేసినాదమ్మా," అన్నాడు. నేను పళ్ళు కొరుక్కున్నాను. పాపం దుంగకు నోరు లేదు.

మాటలకు వేళ లేదు. నలభై సాళ్ళు, సాలుకు యాభై కట్టెలు. మునిలక్ష్మమ్మ పుల్ల పట్టుకుని ముందు నడుస్తుంది. కట్టె మొదలు దగ్గర తడుతుంది, చెవి పెడుతుంది. చెడ్డదైతే అరచెయ్యి అడ్డంగా ఎత్తి చూపిస్తుంది. వెనకే నరసింహప్ప గడ్డపారతో గుంట వేస్తాడు, రామకృష్ణప్ప కొత్త కట్టె పెట్టి సమ్మెటతో దిగ్గొడతాడు, నేనూ అంబికా దాన్ని పాత కట్టెకూ, సాలు పొడుగునా లాగిన ఇనుప తీగకూ కలిపి పురికొసతో బిగిస్తాం. మంచివైతే ఆమె ఆగకుండా పోతూనే ఉంటుంది. ఒక సాలులో నాలుగే చెడ్డవి. పక్క సాలులో పదహారు. ఎన్ని ఉన్నాయో, మేం తెచ్చినవి సరిపోతాయో లేదో ఎవరికీ తెలియదు.

పన్నెండుకు పదమూడు సాళ్ళయ్యాయి. నీళ్ళు తాగడానికి కూడా ఎవరూ కూర్చోలేదు. అంబిక ముడి వేస్తూ నన్ను అడిగింది. "అన్నా, ఆయమ్మ కొడ్తాండాదేమి? ఆయప్ప కదా కొట్టేది?"

"వయసయింది కదమ్మా," అన్నాను. ఆమె నా కళ్ళలోకే చూసింది. నేను ముడి మీదికి వంగాను. నా జీవితంలో నేను చాలా అబద్ధాలాడాను, ఆ ఒక్కటి మాత్రం సరిగ్గా ఆడలేకపోయాను.

రెండు గంటలకు ఇరవై నాలుగు. మబ్బు నెత్తి మీదికి వచ్చేసింది. పక్క తోటల వాళ్ళు నలుగురైదుగురు సంగతి తెలిసి వచ్చి చెయ్యి కలిపారు. అందరూ నరసింహప్ప దగ్గర కట్టెలు కొన్నవాళ్ళే. "ఏమప్పా, మా కట్టెలు కూడా ఇట్లే ఉండాయా?" అని వాళ్ళలో వెంకటేశప్ప అడిగాడు. నరసింహప్ప గడ్డపార వేస్తూనే ఉన్నాడు. వినపడక పలకలేదో, వినపడనట్టు ఊరుకున్నాడో వెంకటేశప్పకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది, అదే నన్ను చంపుతోంది.

మూడున్నరకు ముప్పై ఒకటో సాలులో ఉండగా గాలి లేచింది. మొదట దుమ్ము, తర్వాత ఒక్కసారిగా ఊపు. తీగలు సన్నగా మోగడం మొదలుపెట్టాయి. మేం బాగు చేసిన సాళ్ళు అటూ ఇటూ ఊగి నిలబడ్డాయి. ఆవల ఇంకా తొమ్మిది సాళ్ళున్నాయి. వాటిలో కట్టెలు ఒకదాని వెనక ఒకటి విరగడం వినిపించింది.

నరసింహప్ప అటు వీపు పెట్టి, వంగి గుంట వేస్తున్నాడు. ఆయన వెనక సాలు మొత్తం వాలుతోంది. తీగ బిగుసుకుని, తెగడానికి సిద్ధంగా ఉంది.

"అప్పా, పక్కకు రా!" అని అంబిక కేక వేసింది. ఆమె ఆయనకు పది అడుగుల దూరంలో ఉంది. ఇంకోసారి అరిచింది. మూడోసారి అరిచింది. ఆయన తలెత్తలేదు. మునిలక్ష్మమ్మ పరుగెత్తి పోయి చొక్కా పట్టి ఈడ్చింది. తీగ తెగి, ఆయన నిలబడిన చోట మట్టిని కొట్టి పోయింది. అంబిక అరుపు ఆపి, కదలకుండా ఆయన్నే చూస్తూ నిలబడింది.

వాన అరగంట కొట్టింది. పాత పట్టుపురుగుల షెడ్డులో అందరం నిలబడ్డాం. 

తెరిపిచ్చాక పోయి చూశాం. ముప్పై ఒక్క సాళ్ళు నిలబడి ఉన్నాయి. తక్కిన తొమ్మిదిలో ఏడు నేల మీద ఉన్నాయి. రెండు రోజుల్లో కోయాల్సిన కాయ బురదలో పగిలి పడి ఉంది. అంబిక ఆ సాళ్ళ ముందు, మాకు వీపు పెట్టి నిలబడింది. తిరగకుండానే మొదలుపెట్టింది. అరవలేదు.

"మల్బరీ పీకి పెట్టినానప్పా దీన్ని. పీకద్దని మా ఇంట్లో అందరూ చెప్పినారు. ఇంకొకరి కట్టె అగ్గవకు వస్తాదన్నా తీసుకోలే, నీ పేరు చూసి నీ దగ్గరికి వస్తిని. కొట్టి ఇచ్చినావనుకొంటి. నా చేతికాడికి వచ్చిన దాన్ని నువ్వు మట్టి చేస్తివి కదప్పా."

ఇంకా చాలా అంది. నరసింహప్ప ఆమె వెనక నిలబడి తల ఊపుతున్నాడు, ఆమె మాట ఆగిన చోటా ఊపుతున్నాడు, ఆగని చోటా ఊపుతున్నాడు. ఒక్క మాట కూడా ఆయనకు చేరడం లేదు. వెంకటేశప్పా వాళ్ళూ చుట్టూ ఉన్నారు. మునిలక్ష్మమ్మ చెప్పబోయింది. ఆయన అరచెయ్యి అడ్డం పెట్టి ఆమెను ఆపాడు.

తర్వాత బురదలో నడుచుకుంటూ పోయి, అంబికకు ఎదురుగా నిలబడ్డాడు. తమ గొంతు తమకు వినపడనివాళ్ళు మాట్లాడినట్టు గట్టిగా, తోటంతా వినపడేటట్టు అన్నాడు.

"అమ్మా, నాకు చెవులు వినపడవు. రెండేండ్లయినాది. నీ కట్టెలు ఆ చెవులతోనే కొట్టి ఇచ్చినా. దుంగ మోసం చేయలే, నేనే చేసినా. ఇప్పుడు నువ్వు తిట్టింది కూడా నాకు వినపడలే. నా మొకం చూసి మళ్ళీ తిట్టమ్మా."

అంబిక కళ్ళు తుడుచుకుని, ఆయన ముఖంలోకి చూస్తూ, ఒక్కో మాటా నిదానంగా, మొదటి నుంచీ మళ్ళీ చెప్పింది.