నాలుగు పుస్తకాలతో వికారాబాదుకు

తాండూరు నుంచి వికారాబాదుకు పొద్దుటి ప్యాసింజరు ఏడింటికని రాసి ఉంటుంది. ఎనిమిదికి వస్తే అదృష్టం. ఈ దారిన వెళ్ళదలిచినవాళ్ళు ఆ గంట కోసం ఒక పుస్తకం చేతిలో ఉంచుకోండి. ప్లాట్‌ఫారం పక్కన నాపరాళ్ళ దొంతరలుంటాయి. కూర్చోవడానికి బెంచీలకంటే అవే నయం.

రాష్ట్రాలు కలిసిన కొత్తలో గుంటూరు వైపు నుంచి ఉద్యోగం మీద వచ్చిన బడిపంతుల్ని నేను. ఒంటికాయ శొంఠికొమ్ము బతుకు. నెలకో ఆదివారం వికారాబాదు వెళ్ళేది అక్కడి గ్రంథాలయం కోసమే. దాన్ని చూసుకునే కిష్టయ్యగారికి ఒక పద్ధతుంది. చదివిన పుస్తకం మీద నాలుగు మాటలు చెప్తేనే కొత్తది ఇస్తారు. "చదివినవా పంతులూ, ఊకె పేజీలు తిప్పినవా?" అంటారు. మనం ఔనన్నదల్లా ఆయన కాదంటారు. నిజం చెప్పొద్దూ, నెల మొత్తంలో నేను మనసు విప్పి మాట్లాడేది ఆయన ఒక్కరితోనే.

అందుకే ఆ ఆదివారం బండిలో కూర్చుని, తిరిగి ఇవ్వాల్సిన నాలుగు పుస్తకాల మీద నా మాటలు నేనే వల్లెవేసుకున్నాను. అపరాధ పరిశోధన నవలలో హంతకుడు వంటవాడని మొదట్లోనే తెలిసిపోయింది. ఇంటిల్లిపాదికీ ఉప్మా వడ్డించి తాను ముట్టనివాణ్ణి ఏ పోలీసైనా అనుమానించడా? ఇక పద్యాల పుస్తకంలో కవిగారికి ప్రతి పేజీలోనూ చంద్రుడే. అయినా బావి గిలక మీద రాసిన ఒక్క పద్యం కోసం అదంతా క్షమించాను. హిమాలయ యాత్ర రాసినాయన మంచుకొండల్ని రెండు ముక్కల్లో తేల్చేసి, దొరకని కాఫీ కోసం మాత్రం పేజీలకు పేజీలు వాపోయాడు.

నాలుగోది క్షయ పట్టిన ఒక పిల్ల కథ. చివరికి ఆ పిల్లను రచయిత్రి బతికించలేదు. చదివేవాళ్ళ ఏడుపుకు జడిసి కథ తిప్పలేదు. నాలుగింటిలో అదే నికార్సైన పుస్తకమని నా తీర్మానం. కిష్టయ్యగారు ససేమిరా ఒప్పుకోరు. ఆ వాదన కోసమే ఉబలాటపడుతూ వెళ్ళాను.

వికారాబాదులో దిగి, హోటల్లో చాయ్, సమోసా ముగించి గ్రంథాలయానికి చేరేసరికి పదిన్నరయింది. కిష్టయ్యగారి కుర్చీలో ఎవరో కొత్తాయన ఉన్నాడు.

"కిష్టయ్య సారు రిటైరైండు. గుల్బర్గాల కొడుకున్నడు, నిన్ననే ఆడికి పోయిండు" అన్నాడు.

పుస్తకాలు తీసుకుని రిజిస్టరులో కొట్టేసుకున్నాడు. నేను ఉండబట్టలేక "ఈ నవల ఉంది చూశారూ..." అన్నాను.

"చినిగిందా?"

"లేదండీ."

"మరింకేంది?"

ఏం తీసుకోవాలో తోచక ఆ క్షయ పిల్ల నవలే మళ్ళీ నా పేర రాయించుకుని బయటపడ్డాను. గుల్బర్గా బండి తాండూరు మీదుగానే పోతుంది. ఇంజనుకు నీళ్ళు పట్టేదాకా ఆగుతుంది కూడా. నిన్న అది ఆగినప్పుడు నేను స్టేషను వెనక నా గదిలోనే ఉన్నాను. తెలిస్తే పరుగెత్తుకు వెళ్ళేవాణ్ణి. ఆయన కిటికీలోంచి చూశారో లేదో. హోటల్లో భోజనం సగంలో వదిలేశాను.

మధ్యాహ్నం మూడింటి బండికి తిరుగు ప్రయాణం, అదీ గంటన్నర ఆలస్యం. పెట్టెలో పెద్దగా జనం లేరు. ఎదుటి బల్ల మీద ఒక నడివయసు ఆమె, ఖాళీ సద్దిగిన్నెను గుడ్డలో మూటగట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"గదేం పుస్తకం సారు?"

"నవలమ్మా. ఒక పిల్ల కథ."

"జర చెప్పరాదు. రుక్మాపూర్ల దిగుత. ఊకె కూసుంటే మనసు పరేషాన్ అయితున్నది."

అడగడమే ఆలస్యం. పొద్దుటి నుంచి గొంతులో ఉన్నదంతా బయటికొచ్చింది. పిల్ల చదువు, అల్లరి, కుదిరిన సంబంధం, ఒకనాడు దగ్గితే రుమాలంతా నెత్తురవడం, అన్నీ రసవత్తరంగా చెప్పుకుపోయాను. ధారూరు దాటాక గమనించాను, ఆమె ఊఁ కొట్టడం మానేసింది.

"నా బిడ్డకు గూడ గదే రోగం సారు. అనంతగిరి దవాఖానల ఉన్నది. గిప్పుడు చూసొస్తున్న."

నోరు తెరవకముందే ఎక్కణ్ణుంచి వస్తున్నావమ్మా అని అడగాల్సింది. సిగ్గుతో చితికిపోయాను. ఆ పైన కథలోని డాక్టరు మంచితనం గురించీ, అతను పెట్టించిన పాలూ గుడ్ల గురించీ ఏదేదో సాగదీశాను. ఇంతలో రుక్మాపూర్ వచ్చింది. ఆమె దిగి, రెండడుగులు వేసి, మళ్ళీ కిటికీ దగ్గరికొచ్చింది.

"ఆఖరుకు గా పిల్ల బతికిందా సారు?"

బండి కదులుతోంది.

"బతికిందమ్మా. ఇంటికొచ్చేసింది. పెళ్ళి కూడా అయింది."

ఆమె తలూపి, మూట నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది.

రుక్మాపూర్ తర్వాత నా దగ్గర్లో ఎవరూ లేరు. ఆ నవల మీద నా అభిప్రాయం ఇప్పటికీ అదే, మంచి పుస్తకం. కానీ ఆ పూట దాని ముగింపు నేనే మార్చాను. కిష్టయ్యగారుంటే "మార్చెతందుకు నువ్వెవరు పంతులూ?" అని పొద్దుగూకేదాకా పోట్లాడేవారు. దీపాలు పెట్టే వేళకు తాండూరులో దిగాను. ఆ మాట అడిగే మనిషి ఊరు మొత్తం మీద ఒక్కరూ లేరు.