ఎర్రగండి గొర్రెల గురించి హెర్దీస్ రాసిన టపా

హెర్దీస్‌కి కోపం వస్తే ముందు వంటింట్లో గిన్నెల చప్పుడు పెరుగుతుంది, తరువాత తలుపు ధడేలుమంటుంది, ఆ తరువాత బ్లాగులో టపా పడుతుంది. ఆ జూన్ నెలలో మూడూ ఒకే పూట జరిగాయి.

జరిగింది ఇది. ఐస్‌లాండ్ ఉత్తరాన ఉన్న మా లోయలో వేసవంతా గొర్రెలు కొండ మీద మేస్తాయి. సెప్టెంబరులో అందరం కలిసి దించుతాం. దించేవాళ్లకు పెద్దను కొండరాజు అంటాం. కొండ ఎక్కాక అతని మాటకు ఎదురు లేదు. "కొండ ఖాళీ" అని అతను అన్నాడంటే వెతుకులాట ముగిసినట్టే. ఆ కిందటేడు కొండరాజు కోల్‌బెయిన్. పొగమంచు కమ్మింది. ఎర్రగండి అనే లోతైన వాగులోకి దిగి చూడాలంటే గుర్రం వదిలి నడవాలి. ఆ మహానుభావుడు గుర్రం దిగలేదు. "కొండ ఖాళీ" అన్నాడు. అందరూ కిందికొచ్చి మాంసం పులుసు తాగి, చేతులు పట్టుకుని పాటలు పాడారు.

అక్టోబరులో మంచు కురిసింది. గండిలో అది కరిగేసరికి జూన్ వచ్చింది. హెర్దీస్ వెళ్లి చూస్తే గొర్రెలు ఒకదాన్నొకటి ఒరుసుకుని, గోడవారన చేరినట్టు చచ్చి ఉన్నాయి. వంగి ఒక్కొక్కదాని చెవి తడిమింది. ఏ ఇంటి గొర్రెకు ఆ ఇంటి కోత ఉంటుంది చెవిమీద. తనవీ ఉన్నాయి, కోల్‌బెయిన్‌వీ ఉన్నాయి.

ఇంటికొచ్చి రాసింది. పేరు పెట్టి మరీ రాసింది.

హెర్దీస్ అంటే ఆషామాషీ మనిషి కాదు. ఇల్లిల్లూ తిరిగే పంతులు చలికాలంలో కొన్ని వారాలుండి చెప్పిన చదువే ఆమెది. ఆ చదువుతోనే మా లోయ సభలో కూర్చున్న మొదటి ఆడమనిషి అయింది. గొర్రె కడుపులో అడ్డం తిరిగిన పిల్లను సరిచేసి బయటికి తీయాలంటే సగం లోయ ఆమెకే ఫోను చేసేది. ఆమె పొట్టేలు జిల్లా పోటీలో వెండికప్పు గెలిచింది, ఆ కప్పులో ఇప్పుడు గుండీలు పోసి పెట్టుకుంది. ఈ లోయలో ఆమె అల్లిన స్వెట్టరు లేని ఇల్లు లేదు. అరవై దాటాక కంప్యూటరు నేర్చింది. నేర్పిన పిల్ల "చాలా త్వరగా పట్టేశావే!" అంటే, "గొర్రె కన్నా మొండిదేం కాదులే ఇది" అంది.

బ్లాగు మొదలుపెట్టింది మొగుడు ఎగిల్ చనిపోయిన ఏడాది. మొదటి టపా అతని బూట్ల గురించి. తలుపు దగ్గర విడిచినవి విడిచినట్టే ఉన్నాయి, తీయబుద్ధి కావడం లేదని రాసింది, అంతే. పడమటి తీరంలో చేపల ఓడ మీద వంట చేసే మనిషెవరో వ్యాఖ్య పెట్టాడు: "మా నాన్నవి కూడా అలాగే ఉన్నాయి. తీయకండి." అంత్యక్రియల నాడు రాని ఏడుపు అప్పుడొచ్చింది హెర్దీస్‌కి. అప్పటి నుంచి రోజూ గొర్రెలకు గడ్డి వేసి, చేతులు కడుక్కుని రాయడానికి కూర్చునేది. కొన్ని పొద్దులు ఒక్క మాట కూడా దొరికేది కాదు. కొన్నిసార్లు ఎంత మనసు పెట్టి రాసినా ఎవరూ పలికేవారు కాదు, ఖాళీ కొట్టంలో నిలబడి గొర్రెల్ని పిలిచినట్టుండేది. అయినా మానలేదు.

ఎర్రగండి టపాకు మాత్రం పలికారు, కావలసినంత. పేరు లేని వ్యాఖ్య ఒకటి వచ్చింది: "ముసలిదానా, మొగుడితో పాటు మతి కూడా పోయిందా? పోయి అల్లికలు చూసుకో."

హెర్దీస్ అక్కడే జవాబు రాసింది: "చూసుకుంటూనే ఉన్నాను నాయనా. నువ్విప్పుడు తొడుక్కున్నది కూడా నేను అల్లిందే అయి ఉంటుంది. కాస్త సిగ్గుపడి విప్పెయ్."

ఆగస్టులో కోల్‌బెయిన్ వచ్చాడు. బూట్లు విప్పకుండానే వంటింట్లోకి నడిచాడు.

"కాఫీ పోస్తావా, లేక దాని మీద కూడా టపా రాస్తావా?"

"పోస్తాను. తాగి చెప్పు, ఎర్రగండిలోకి దిగావా లేదా?"

"నా చెయ్యి నాకే కనపడలేదు హెర్దీస్! అంత పొగమంచు."

"కనపడలేదని చెప్పి ఏడవాల్సింది. ఖాళీ అన్నావే!"

"లోయ మాట లోయలో ఉండాలి. ఎక్కడో రాజధాని రేక్యవీక్‌లో కూర్చుని నా గురించి చదివి నవ్వుకుంటున్నారు. అది తీసెయ్. గొర్రెలు దించేలోపు తీసెయ్యకపోతే దొడ్డి దగ్గర ఒక్క చెయ్యి నీకు సాయం రాదు."

"బెదిరిస్తున్నావా?"

"చెప్తున్నా."

"నేనూ చెప్తున్నా. కప్పు అక్కడ పెట్టి బయటికి నడు."

అతను వెళ్లాక ఆమె కంప్యూటరు ముందు కూర్చుంది. ఒక్క నొక్కు నొక్కితే టపా పోతుంది. చలికాలంలో ఆమె దారి మీది మంచు ట్రాక్టరుతో తీసేది కోల్‌బెయినే. తనేమో ఒంటరి మనిషి, మోకాళ్లు అరిగాయి. నొక్కేద్దామనే అనుకుంది. అంతలో ఎర్రగండిలో చేతికి తగిలిన ఆ తడి చెవులు గుర్తొచ్చాయి. కామా కూడా మార్చలేదు.

సెప్టెంబరు వచ్చింది. ఈసారీ కోల్‌బెయినే కొండరాజు. మా దొడ్డి గుండ్రటి రాతిదొడ్డి. నడిమధ్యలోకి మందనంతా తోలుతాం, చుట్టూ ఇంటికో గది ఉంటుంది. చేతికి దొరికిన గొర్రె చెవి చూసి, అది ఎవరిదైతే వాళ్ల గదికి కొమ్ములు పట్టి ఈడ్చుకెళ్లాలి. నీది, నాది అని లేదు. తాతలనాటి నుంచీ అందరూ అందరికీ ఈడుస్తారు.

ఆ రోజు చెవి చూశారు, హెర్దీస్ కోత కనపడగానే వదిలేశారు. ఒకరు కాదు, అందరూ! ఆమె చేతుల మీద పుట్టిన గొర్రెపిల్లల్ని పెంచుకున్నవాళ్లు, ఆమె అల్లిన స్వెట్టర్లలో వెచ్చగా నిలబడ్డవాళ్లు! చుట్టూ గదులు నిండుతున్నాయి, మధ్యలో ఆమె గొర్రెలే మిగులుతున్నాయి. ఆమె ఒక్కర్తీ ఈడ్చింది. ఒక బలమైన గొర్రె గుంజుకుంటే బురదలో బోర్లా పడింది. ఎవడో నవ్వాడు.

"మధ్యలో మిగిలినవి ఎవరివిరా?" గోడ మీంచి ఒక గొంతు ఖంగుమంది.

దుప్పటి కప్పుకుని, నశ్యం డబ్బీ చేతబట్టి గోడ మీద కూర్చున్న ఆ ముసలామె యోరున్, కోల్‌బెయిన్ తల్లి. కాళ్లు పడిపోయి చాలా ఏళ్లయింది. ఏటా ఈ ఒక్కరోజు మోసుకొచ్చి కూర్చోబెడతారు.

"హెర్దీస్‌వమ్మా," అన్నాడు కోల్‌బెయిన్.

"మరి మీ చేతులకేం రోగం?"

"నీకు తెలీదులే అమ్మా, అది నా గురించి..."

"నాకెందుకు తెలీదురా? రోజూ చదువుతాను! నువ్వు వారానికోసారి వచ్చి 'బాగున్నావా' అని నా కాఫీ తాగి పోతావు. మీ నాన్న పెంచిన బూడిదరంగు గొర్రెల సంతు ఎర్రగండిలో చచ్చిందని నువ్వు చెప్పావా నాకు? అది చెప్పింది! కన్నతల్లి ఆ సంగతి బ్లాగులో చదివి తెలుసుకోవాల్సి వచ్చింది, తెలుసా? పో, పోయి పట్టుకో!"

కోల్‌బెయిన్ ముఖం కందగడ్డయింది. వెళ్లి ఆమెను పడేసిన గొర్రెనే కొమ్ములు పట్టి, కాళ్ల మధ్య ఇరికించుకుని, హెర్దీస్ గదిలోకి తోశాడు. అప్పుడు కదిలాయి మిగతా చేతులు. రాజు కదిలితేగాని కదలని చేతులు.

"ఇది కూడా రాసుకో," అన్నాడు పళ్లు కొరుకుతూ.

"రాస్తాను. ఎర్రగండి టపా మాత్రం అలాగే ఉంటుంది."

అతను గది తలుపు గడియ వేశాడు. "ఈసారి దిగాను అందులోకి. ఏమీ లేవు."

"చూశావా, లేక ఊరికే ఖాళీ అన్నావా?"

"చూశాను. నడిచి వెళ్లి చూశాను."

"అయితే అదీ రాస్తాను."

పులుసు తాగి వెళ్లమని పిలిచారు. ఒక్కరి మొహం చూడలేదు ఆమె, ఒక్కరికీ థాంక్స్ చెప్పలేదు. బురద గౌనుతోనే ఇంటికెళ్లి కూర్చుని రాసింది. "కోల్‌బెయిన్ ఈసారి ఎర్రగండిలోకి నడిచి వెళ్లాడు," అని మొదలుపెట్టింది. ఆ తరువాత, తన గొర్రెల చెవులు తడిమి ఎవరెవరు వదిలేశారో, ఒక్కొక్కరి పేరూ వాళ్ల తండ్రి పేరుతో సహా రాసింది.